గొలుసు పట్టిన చేత్తో గీసిన పటం

మా మామ పోయారు. గురువారం పొద్దున తాండూరు మున్సిపల్ ఆఫీసులో ఒకాయనతో ఇంటి ప్లాను గురించి వాదిస్తుంటే మా ఆయన ఫోన్ చేసి, "నాయిన పోయిండే" అన్నాడు. వికారాబాద్‌లో మా ఇంటి అరుగు మీద కూర్చుని, చాయ్ తాగి, గ్లాసు పక్కన పెట్టి, పేపర్లో టెండరు ప్రకటనల పేజీ ఒళ్లో పరుచుకుని అట్లాగే ఒరిగిపోయారట. మా వీధిలో ఆయన ఈడు వాళ్లంతా పేపరు రాగానే ముందు ఎవరు పోయారో చూస్తారు. మా మామ ఆ పేజీ ముట్టేవారు కాదు. "పోయినోళ్లకు ఎక్కడనో జాగ దొరికింది బిడ్డా. ఉన్నోళ్ల జాగలు ఏమైతున్నయో సూడాలె" అనేవారు.

ఫోన్ పెట్టేసి స్టేషనుకు నడిచాను. అప్పటిదాకా ఏడుపు రాలేదు. వికారాబాద్ వైపు వెళ్లే బండి ఎక్కి కూర్చున్నాక, పెట్టె ఈ చివర నేను, ఆ చివర ఆయన కూర్చున్న రోజులు గుర్తొచ్చి అటు చూశాను. అక్కడ ఎవరో సంచిలోంచి సీతాఫలాలు తీసి తింటున్నారు. అప్పుడు ఏడ్చాను. ఒకే ఇంటివాళ్లం రైల్లో అంత దూరంగా ఎందుకు కూర్చున్నామో మీకు చెప్పాలంటే, ముందు ఆయన పని గురించి చెప్పాలి.

మా మామ సర్వే శాఖలో గొలుసు మనిషి. ఇప్పుడంటే మూడు కాళ్ల మీద నిలబెట్టే యంత్రాలు వచ్చాయి కానీ, ఆయన రోజుల్లో భూమిని ముప్పై మూడు అడుగుల ఇనప గొలుసుతో కొలిచేవారు. నాలుగు పక్కలా ఒక్కో గొలుసు పడితే గుంట, అలాంటివి నలభై అయితే ఎకరం. సర్వేయరు నీడన బల్ల వేసుకుని పటం గీస్తాడు. గొలుసు మనిషి ఎండలో, బురదలో, తుమ్మముళ్లలో గొలుసు లాగుతూ నడుస్తాడు. మోమిన్‌పేట్ దగ్గరి పల్లెలో గొర్రెల కాపరుల ఇల్లు వాళ్లది. అన్నదమ్ములంతా మంద వెనక నడిస్తే ఈయన గొలుసు వెనక నడిచారు. "గొర్లన్న ఎండకు చెట్టు కింద పంటయి. మా సర్వేయర్ సారు నన్ను పండనిస్తడా?" అని నవ్వేవారు.

రిటైరైన రోజు గొలుసును ఆఫీసుకు అప్పగించారు కానీ కొలవడం మానలేదు. అడుగులతో కొలిచేవారు. వంటింటి నుంచి నల్లా దాకా ఎన్ని అడుగులో, ఫంక్షన్ హాల్లో మంటపం నుంచి భోజనాల దాకా ఎన్ని అడుగులో ఆయన్ని అడగాల్సిందే. నా పెళ్లిచూపులకు కోట్‌పల్లి వచ్చినప్పుడు, ఇచ్చిన మంచినీళ్లు కూడా తాగకుండా మా వాకిలి ఆ కొస నుంచి ఈ కొసకు నడిచారు. పిల్లను చూడటానికి వచ్చాడా, భూమిని చూడటానికి వచ్చాడా అని మా నాన్న ముఖం మాడ్చుకున్నాడు. అప్పుడు ఈయన నింపాదిగా, "పక్కింటోళ్ల గోడ మీ దిక్కు రెండడుగులు జరిగింది బావా. సూసుకోండ్రి" అన్నారు. మా నాన్నకు ఎన్నాళ్లుగానో ఉన్న అనుమానం అదే. ఇక పెళ్లికొడుకును ఎవరూ సరిగ్గా చూడనే లేదు.

ఇంట్లో దండెం కట్టినా, దోమతెర కట్టినా ఆయన నోట ఒకటే మాట, "గుంజి పట్టు బిడ్డా, సడలనియ్యకు." గొలుసు సడలితే లెక్క తప్పుతుంది కదా, ఆ భయం ప్రాణానికి పట్టుకుపోయింది. మా అత్త విసుక్కునేది. "గీయనకు నన్ను గూడ గుంజి కట్టేస్తె గని నిద్రవట్టది" అనేది. ఆయన నిజంగానే ఆలోచిస్తున్నట్టు ముఖం పెట్టి ఆమెను ఇంకా ఏడిపించేవారు.

కానీ ఒక్క విషయంలో ఆయన దగ్గర ఆటలు సాగవు. సర్వీసులో ఉండగా ఒకసారి సొంత అన్న పొలమే కొలవాల్సి వచ్చింది. కొలత అన్నకు వ్యతిరేకంగా వచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పారు. అన్న రెండేళ్లు మాట్లాడలేదు. ఈయన మాత్రం వారం వారం వాళ్లింటికి వెళ్లి, మాట్లాడని అన్న పక్కనే కూర్చుని, వదిన ఇచ్చిన చాయ్ తాగి వచ్చేవారట. "గొలుసు కిందేసినంక నేను తమ్మున్ని గాదు. గొలుసు సుట్టినంక తమ్మున్నే. గంతే" అని మాకు చెప్పేవారు. అదేదో పాతకాలం ముచ్చట అనుకున్నాను. నా దాకా వస్తుందని అనుకోలేదు.

తాండూరు నడిబొడ్డున మున్సిపాలిటీ స్థలం ఒకటుంది. ఒకప్పుడు ఎడ్లబండ్లు నిలిపే అడ్డా. ఇప్పుడు పెద్దేముల్ వైపు నుంచి షేర్ ఆటోల్లో వచ్చే ఆడవాళ్లు రోడ్డు అంచున గోనెసంచులు పరుచుకుని ఆకుకూరలు, అనపకాయలు, మట్టికుండలు అమ్ముతారు. వాళ్ల వెనక పిచ్చిమొక్కలు, ఆ వెనక మురికినీళ్ల మోరీ. అక్కడ దుకాణాల సముదాయం కట్టించాలని, అందుకు బిల్డర్ల నుంచి 'ఆసక్తి వ్యక్తీకరణ' కోరాలని నిర్ణయం జరిగింది. ప్రకటన రాసే పని నా మీద పడింది. 'పట్టణ నడిబొడ్డున, ప్రధాన రహదారికి ఆనుకుని, అన్ని విధాలా అనువైన ఖాళీ స్థలం' అని రాసి, ఒక పటం జతచేసి, నా తెలుగుకు నేనే మురిసిపోయాను. రెండుసార్లు పేపర్లో వేశాం. ఒక్క బిల్డరూ ఆసక్తి వ్యక్తం చేయలేదు.

ఆసక్తి చూపింది మా మామ ఒక్కరే. రెండోసారి ప్రకటన పడ్డ ఆదివారం, భూతద్దం పెట్టి మొత్తం చదివి నన్ను పిలిచారు.

"ఖాళీ జాగ అని రాసినవ్. ఎవలు జూసొచ్చిన్రు బిడ్డా?"

"నేనే సూసిన మామా. రోజు దాని ముందలికెల్లే పోత."

"మరి పుంటికూర ఎక్కడ కొంటున్నవ్?"

వారానికి రెండుసార్లు అక్కడే కొంటాను. అయినా తగ్గకుండా, "పటంల పర్మినెంటు కట్టడాలే సూపిస్తం మామా. గోనెసంచులు సూపియ్యం" అన్నాను.

"గా పెద్దేముల్ అవ్వ నా నౌకరీ దినాల సంది గాడనే కూసుంటున్నది. గప్పటి సంది మీ ఆఫీసుల ఎంతమంది సార్లు మారిన్రు? పర్మినెంటు ఎవలు?" అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, "మేము పొలం కొలిస్తె బాయి ఉంటె బాయి, చెట్టుంటె చెట్టు, కల్లం ఉంటె కల్లం, అన్ని పటంల ఎక్కేటియి. ఎవలిదైన సరే. నువ్వు మనుషులనే ఇడిసిపెట్టినవ్" అన్నారు.

నాకు ముక్కు మీదే కోపం. "అయితె నువ్వే గీసియ్యి" అని లేచిపోయాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

మర్నాడు పొద్దున నేను స్టేషనుకు వెళ్లేసరికి ఆయన అక్కడ ఉన్నారు. చంకలో చుట్టిన డ్రాయింగ్ షీటు, జేబులో పెన్సిలు, పిల్లల స్కేలు. పక్కన కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వు ఆఫీసర్‌వి, నేను అర్జీ పెట్టెటోన్ని. పక్కపక్కన కూసుంటె మంది ఏమనుకుంటరు?" అని పెట్టె ఆ చివరకు వెళ్లిపోయారు. అలా మూడు వారాలు ఒకే బండిలో తాండూరు వెళ్లాం, పరిచయం లేనివాళ్లలాగా. తిరిగొచ్చేటప్పుడు మాత్రం బండి ధారూరు దాటగానే నా దగ్గరికి వచ్చి, "ఆకలైతుందా బిడ్డా?" అని జేబులోంచి పల్లీల పొట్లం తీసేవారు.

అక్కడి ఆడవాళ్లు మొదట ఆయన్ని చూసి బెదిరిపోయారట. పెద్దేముల్ అవ్వే నాకు తర్వాత చెప్పింది. ఆమెది పుంటికూర, చుక్కకూరల వ్యాపారం. నోరు పెద్దది, కాగితాలంటే మాత్రం భయం.

"ఏం రాస్తున్నవ్ పెద్దయ్యా? మమ్ముల లేపుతరా?"

"లేపెటందుకు గాదు చెల్లె, కాగితంల ఎక్కిచ్చెటందుకు."

"వద్దు పెద్దయ్యా. కాగితంల ఎక్కినోళ్లకు ఎప్పుడు పరేషానే. మా పేరు రాయకు."

ఆయన సరేనని అవ్వను వదిలి మిగతా వాళ్లవి రాసుకుంటూ పోయారు. మూడో వారానికి ఆమే పిలిచి, "అందర్ని ఎక్కిచ్చి నన్నొక్కదాన్ని ఇడిసిపెడ్తవా?" అని పోట్లాడిందట.

పటం పూర్తయ్యాక మా ఆఫీసుకు వచ్చి ఇన్‌వర్డులో ఇచ్చి ముద్ర వేయించుకున్నారు. తర్వాత నా టేబుల్ దగ్గరికి వచ్చి, "నమస్తే మేడం. నా అర్జీ జర సూడుండ్రి" అన్నారు. పక్క సీట్లవాళ్లు నవ్వు ఆపుకోలేక చచ్చారు. "కూసో మామా" అన్నాను. "లేదు మేడం, నిలవడ్తనే మంచిగుంటది" అన్నారు. రాత్రి అన్నంలో పప్పు వేయించుకుంటూ కూడా ఆ అర్జీ ఊసెత్తలేదు. నేనెత్తితే, "గది ఆఫీసు టైముల మాట్లాడుకుందం" అన్నారు.

మూడోసారి ప్రకటన ఇచ్చాక ఇద్దరు బిల్డర్లు వచ్చారు. కొత్తగా వచ్చిన కమిషనర్ సార్ మీటింగ్ పెట్టారు. ఒక బిల్డరు మొదటి మాటలోనే, "సార్, ముందు వైపు ఆడవాళ్లు కూర్చుంటారంట. వాళ్ల సంగతి ఏంటి?" అన్నాడు. సార్ ఫైలు తిరగేసి మా మామ అర్జీ తీశారు. వెనక వరుసలోంచి మా మామ లేచి నిలబడ్డారు. ఇస్త్రీ చొక్కా, చేతులు కట్టుకుని.

"సార్, వాళ్లు ఎక్కడ కూసుంటున్నరో పటంల ఉన్నది. కట్టే బిల్డింగు కట్టుండ్రి, మంచిదే. గా సన్న జాగ పట్టీ ఒక్కటి వాళ్లకు ఇడిసిపెట్టుండ్రి."

ఇద్దరు బిల్డర్లూ పటం మీదికి వంగి చూశారు. ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "మాకేం అభ్యంతరం లేదు సార్" అన్నారు. ఇంత సులువుగా ఒప్పుకున్నారేమిటా అని నాకు ఆశ్చర్యం వేసింది. 'అర్జీదారు పటంలో చూపిన చోట చిరువ్యాపారులకు పట్టీ వదలాలి' అని తుది ప్రకటనలో షరతుగా చేర్చమని సార్ చెప్పారు. నేను రాసుకున్నాను. మా మామ ఆ సాయంత్రం స్టేషను బయట మిరపకాయ బజ్జీలు కొని, ధారూరు దాటేదాకా కూడా ఆగకుండా నా పక్కనే కూర్చున్నారు.

బజ్జీలు తింటూ ఫైల్లోని నకలు తీసి మొదటిసారి పటాన్ని నిదానంగా చూశాను. మా ఆఫీసులో ఏ పటానికైనా ఉత్తరం పైన ఉంటుంది. ఆ స్థలానికి రోడ్డు దక్షిణాన, మోరీ ఉత్తరాన. అంటే రోడ్డు కాగితం కింది అంచున రావాలి. మా మామ పటంలో ఆడవాళ్లంతా పై అంచున ఉన్నారు. రోడ్డు అని గానీ, మోరీ అని గానీ ఎక్కడా రాయలేదు. కాగితం లెక్కన వాళ్లందరినీ మోరీ ఒడ్డున కూర్చోబెట్టారు. బిల్డర్లు ఎందుకంత సంతోషంగా ఒప్పుకున్నారో అప్పుడు అర్థమైంది.

"మామా, పటం తలకిందులు గీసినవ్."

ఆయన కాగితం తీసుకుని అటు తిప్పి, ఇటు తిప్పి చూశారు. తర్వాత ఉన్నట్టుండి నవ్వు మొదలైంది. బజ్జీ గొంతుకు అడ్డం పడేంత నవ్వు. "సర్వేయర్ సారు బల్లకు గీ దిక్కు కూసుంటడు. నేను గా దిక్కు నిలవడ్త. సర్వీసంత పటం ఎదురుంగనే సూసిన బిడ్డా! నాకు పటం అంటె గట్లనే ఉంటది" అన్నారు. పటాలు గీసేవాళ్ల పక్కన అన్నేళ్లు పనిచేసిన మనిషి, పటాన్ని సరైన వైపు నుంచి ఎన్నడూ చూడలేదు. జీవితంలో మొదటిసారి పెన్సిలు పట్టుకుంటే, తను చూసినట్టే గీశారు.

నవ్వు అయిపోయాక దిగులు పడ్డారు. తన తప్పుకు వాళ్లు మోరీ పాలవుతారా అన్నారు. అప్పుడు, ఒకే ఒక్కసారి, ఆఫీసు పనిని ఇంటి చుట్టరికంతో అడిగారు. "బిడ్డా, ఉత్తరం కింద అని ఒక్క బాణం గుర్తు పెట్టెయ్యరాదు?"

నా చేతిలోనే పెన్ను ఉంది. కానీ ముద్ర పడ్డ కాగితం మీద నేను గీత గీయకూడదు. "అర్జీదారే దిద్దుబాటు కాయితం పెట్టాలె మామా. గొలుసు కిందేసినంక నేను కోడల్ని గాదు" అన్నాను. అంటుంటేనే భయమేసింది. ఆయన నకలు మడిచి నా చేతికిచ్చారు. "గట్లనే ఉండాలె" అన్నారు. ఆ మాటలో ఉన్న తృప్తి నాకు ఇంకెవరూ ఇవ్వలేదు, ఇవ్వలేరు.

సోమవారం వచ్చి దిద్దుబాటు పెడతానన్నారు. ఆదివారం జ్వరం వచ్చింది. గురువారం పోయారు. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన తెల్ల కాగితం దొరికింది. దాని మీద 'గౌరవనీయులైన మేడం గారికి' అని ఒక్క వరుసే ఉంది. పక్క గదిలో పడుకునే కోడలికి. ఆ కాగితం చూసి నేనూ మా అత్తా ఏడుస్తూ నవ్వాం.

మూడో రోజు ఇంటి ముందు ఆటో ఆగింది. పెద్దేముల్ అవ్వ, ఇంకో అయిదుగురు. పుంటికూర కట్టలు తెచ్చారు. ఆయన ఫొటో ముందు కాసేపు కూర్చుని, ఆయన ఎలా కసిరేవారో, పెన్సిలు మొన ఎన్నిసార్లు విరిగేదో ఒకరి మాట మీద ఒకరు చెప్పుకున్నారు. వెళ్లేటప్పుడు అవ్వ అడిగింది, "మా జాగ కాగితంల ఎక్కినట్టేనా మేడం?"

అబద్ధం చెప్పలేకపోయాను. ఉన్నదంతా చెప్పాను. పటం తలకిందులైందని, దిద్దాల్సిన మనిషి లేరని, వారం తిరక్కుండా తుది ప్రకటన వెళ్లిపోతుందని. అవ్వ కొంగు నడుముకు దోపుకుంది.

"అర్జీ మేం పెడితె నడ్వదా?"

"నడుస్తది అవ్వా. కానీ అందరి పేర్లు ఉండాలె, సంతకాలు ఉండాలె."

"ఉంటె ఉండని" అంది.

సోమవారం పొద్దున ఆఫీసు తెరిచేసరికి వాళ్లు వరుసలో ఉన్నారు. అర్జీలు రాసే ఆయన దగ్గర రాయించుకొచ్చారు. సంతకం వచ్చినవాళ్లు సంతకం, రానివాళ్లు వేలిముద్ర. అవ్వ వేలిముద్ర అన్నిటికంటే పైన ఉంది. మళ్లీ మళ్లీ నొక్కినట్టుంది, నల్లగా, పెద్దగా.

కమిషనర్ సార్ అది చదివి, కాగితాల మీద తేలదు, పదండి చూద్దాం అన్నారు. నడిచి వెళ్లాం. రోడ్డు వైపు నుంచి పటం పట్టుకుంటే ఏదీ కలవలేదు. అప్పుడు నేను పిచ్చిమొక్కలు తొక్కుకుంటూ స్థలం వెనకకు, మోరీ దాకా వెళ్లి, రోడ్డు వైపు తిరిగి నిలబడి పటం తెరిచాను. సార్ నా పక్కకు వచ్చారు. నేను పటంలో ఎడమ వైపు నుంచి ఒక్కొక్క పేరు, ఆమె అమ్మే సరుకు పైకి చదివాను. "ఉన్న!" "ఉన్న మేడం!" అంటూ బడిలో హాజరు చెప్పినట్టు ఒక్కొక్కరూ చెయ్యెత్తారు. అనపకాయల ఆమె, కుండల ఆమె, కొత్తిమీర ఆమె. ఒక్కరు కూడా ఒక్క అడుగు తప్పలేదు. పుంటికూర అవ్వ అయితే లేచి నిలబడి మరీ చెప్పింది. సార్ నవ్వి, పటం తీసుకుని, కిందికి చూసే బాణం ఒకటి తన చేత్తో గీసి, 'ఉ' అని రాసి, 'రోడ్డు వైపు పట్టీ' అని పక్కన రాసి సంతకం పెట్టారు. ప్రకటన నుంచి 'ఖాళీ' అన్న మాట తీసెయ్యమని నాకు చెప్పారు. బిల్డర్లలో ఒకాయన మానుకున్నాడు. ఇంకొకాయన అలాగే కట్టిస్తానని ఇప్పటికే రాసిచ్చాడు.

పటం తిరిగి ఇవ్వబోతూ సార్ ఆగారు. "అందరి పేర్లూ అయిపోయాయి కదా. మరి ఈ కింద, మోరీ దగ్గర, పేరు లేకుండా చిన్న సున్నా ఉంది. ఇదెవరు?" అన్నారు.

నాకు తెలియదు. అవ్వ చేతులకంటిన ఆకులు దులుపుకుంటూ మా దగ్గరికి వచ్చింది. ఆమెకు చదువు రాదు, పటం అర్థం కాదు. సార్ వేలు పెట్టిన చోటు ఒకసారి, మా కాళ్ల కింది నేల ఒకసారి చూసింది.

"గది పెద్దయ్య కూసున్న జాగ సార్. మూడు వారాలు గాడనే కూసొని రాసిండు" అని, నా వైపు తిరిగి, "మీరు దాని మీదనే నిలవడ్డరు మేడం" అంది.

నేను పక్కకు జరిగాను.